ఎముకలోకి ఎవరూ ఎక్కించరు

గరాచర్మ, పోర్ట్ బ్లెయిర్
జూలై 14, ఆదివారం

అన్నయ్యకి గౌరి నమస్కారాలు.

ఈ రోజు తెల్లారగానే ఒక వింత జరిగింది. మా వీధిలో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చినప్పుడే గబగబా బిందెలు మోసి డ్రమ్ము నింపుకోవాలి. నేను ఇక్కడికి వచ్చి పదకొండు నెలలైనా అత్త నన్ను ఒక్కసారి కూడా బిందె ముట్టుకోనివ్వలేదు. ఈ రోజు మాత్రం గుమ్మంలో నిలబడి, నా మొహం వైపు చూడకుండా, "ఎత్తే అమ్మీ, నువ్వే ఎత్తు" అంది. డ్రమ్ము నిండేదాకా మోశాను. నాకేమీ కాలేదు. అత్త ఎందుకు ఎత్తమందో చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోనులో చెబితే అమ్మ ఏడుస్తుంది, నేను ఊరుకోబెట్టాల్సి వస్తుంది, ఇక చెప్పాల్సింది చెప్పలేను.

అక్కడ నువ్వు, అమ్మ, నాన్న బాగున్నారని తలుస్తాను. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? వేట మొదలయ్యాక చేప బాగా పడుతోందా? ఇక్కడ నేను బాగానే ఉన్నాను, దిగులు పడవద్దు. వాన వదలడం లేదు. నర్సింగు కాలేజీ యూనిఫాం రాత్రి ఫ్యాను కింద ఆరేస్తే పొద్దున కూడా చెమ్మగానే ఉంటుంది. మావయ్య ఫీనిక్స్ బే నుంచి దీవులకు వెళ్లే బోటు మీద పని చేస్తారు కదా, గాలి ఎక్కువైతే బోటు ఆపేస్తారు, అప్పుడే ఇంట్లో ఉంటారు. చేపలకు కొరత లేదు. కానీ అత్త పులుసులో కొబ్బరి వేస్తుంది. తింటాను, బాగుందనే చెబుతాను. పక్కింటి పిల్లలు దీదీ అని పిలుస్తారు. సాయంత్రం ఒక్కదాన్నే కూర్చుంటే మాత్రం మన ఒడ్డు మీద వల లాగే పాట చెవిలో వినిపిస్తుంది.

నాకు ఈ మధ్య మాటల పిచ్చి పట్టింది. కాలేజీలో పాఠం ఇంగ్లీషులో, తిట్లు హిందీలో. అందుకని ఇంటికి వచ్చి ప్రతి పాఠంలోని మాటలకు తెలుగు వెతికి నోటుబుక్కులో రాసుకుంటున్నాను. దాత. గ్రహీత. మూలుగ. మూలకణం. ఈ చివరి మాట దొరికిన రోజు, అది నన్ను బతికించిన మాట కదా అని రెండుసార్లు రాసుకున్నాను.

గురువారం ఆ పాఠమే జరిగింది. మా మేడమ్ ఇక్కడే పుట్టిన తెలుగావిడ. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. నా నోటుబుక్కులోని మాటలు నా చేతే చదివించుకుని సంతోషిస్తారు. ఆ రోజు మూలకణాలు ఎక్కడి నుంచి వస్తాయో చెప్పారు. మన రక్తమంతా పుట్టేది వాటి నుంచేనట. అవి ఎముకల లోపలి మూలుగలో ఉంటాయి, తుంటి ఎముకలో బాగా ఉంటాయి. బిడ్డ పుట్టాక కోసి పారేసే బొడ్డుతాడు రక్తంలోనూ ఉంటాయి. కొన్ని రోజులు ఒక సూదిమందు వేస్తే మూలుగలోంచి రక్తంలోకి దిగుతాయి, అప్పుడు చేతి నరం నుంచే తీసుకోవచ్చు. ఇచ్చేది చిన్నపిల్లలైతే ఎక్కువగా తుంటి నుంచే తీస్తారట. ఇచ్చినవాళ్లకు మూలుగ మళ్లీ కొద్ది వారాల్లోనే ఊరిపోతుందట.

నేను చెయ్యెత్తాను. "మేడమ్, నాకు చిన్నప్పుడు చేశారు" అన్నాను. గొప్పగానే అన్నాను.

"అచ్ఛా? ఎక్కడ ఎక్కించారు?"

"ఇక్కడే మేడమ్, నడుం కింద. రెండు పక్కలా మచ్చలున్నాయి."

"అరే బేటా, ఎముకలోకి ఎవరూ ఎక్కించరు. రక్తం ఎక్కించినట్టే నరంలోకి వదుల్తారు. ఎముకకి దారి అవే వెతుక్కుంటాయ్. ఎముకలోంచి తీస్తారు, అంతే."

వెనక బెంచీ నుంచి ఎవరో "దీదీ ఉల్టా చేయించుకుంది" అన్నారు. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. మేడమ్ నవ్వలేదు.

క్లాసు అయ్యాక గదికి పిలిచి మచ్చలు చూశారు. "పరీక్ష కోసం కూడా అక్కడే సూది వేస్తారు. మచ్చలు చూసి నేను చెప్పలేను. ఎన్నాళ్లు ఉన్నావు ఆసుపత్రిలో?" అన్నారు. పడుకున్నది రెండు రోజులే గుర్తు అన్నాను. "నీ జుట్టు రాలిందా?" అన్నారు.

"లేదు మేడమ్. మా అన్నయ్యే గుండు చేయించుకున్నాడు. నాకు తగ్గాలని మొక్కుకుని."

ఆవిడ పెన్నుకు మూత పెట్టారు. మళ్లీ తీశారు. "ఇంటికి పోయి అడుగు బేటా" అన్నారు.

అన్నయ్యా, ఆ గుండు నాకు బాగా గుర్తు. చెన్నై ఆసుపత్రిలో అద్దం గదికి ఒక పక్క నువ్వు, ఒక పక్క నేను. లోపల ఉన్నది నేనే అనుకుంటూ వచ్చాను, అమ్మ అలాగే చెప్పింది కాబట్టి. గురువారం బస్సులో కూర్చుని మొదటిసారి ఆలోచించాను. నా చేతిలో తీపి బన్ను ఉండేది. నా వెనకాల నేల తుడిచే ఆవిడ పాదాలు ఎత్తమనేది. నీ దగ్గరికి వచ్చేవాళ్లంతా మూతికి గుడ్డ కట్టుకుని వచ్చేవారు. నేను వరండాలో ఉన్నాను అన్నయ్యా. లోపల ఉన్నది నువ్వు.

నిన్న, శనివారం సాయంత్రం, అత్త చేపలు బాగు చేస్తుంటే పక్కన కూర్చుని, "అత్తా, జబ్బు ఎవరికి?" అన్నాను.

"ఏ జబ్బే?"

"రక్తం తయారవని జబ్బు. నాకా, అన్నయ్యకా?"

అత్త చాలాసేపు ఒకే చేపకు పొలుసు గీసింది. "సెప్పనని మీ అమ్మకి ఒట్టేసినానే. ఆడు మగగుంటడు. రేపు బోటెక్కాల. ఒంట్లో రగతం లేనోడ్ని ఏ బోటోడు ఎక్కించుకుంతాడు, సెప్పు?"

"మరి నేను?"

"నువ్వు ఆడగుంటవి. ఇంటికాడే కూకుంతావనుకున్నారు. క్యా కర్నా, ఏటి సేస్తాం, అప్పుడలాగ అనిపించింది."

"నన్ను ఎవరు చేసుకుంటారనుకున్నారు?"

"అందుకే కదే ఇక్కడికి పంపినారు. ఇక్కడ ఎవులికి తెలుసు?"

చదువు కోసం పంపారనుకున్నాను.

నేను ఇచ్చినదానికి నాకు బాధ లేదు. అడిగితే ఆరేళ్ల వయసులోనే ఇచ్చి ఉండేదాన్ని. నీకు కావాలంటే నా బన్ను కూడా ఇచ్చేదాన్ని కదా. కానీ అడగలేదు. పైగా నీ జబ్బు నాకు తొడిగారు. బడిలో కబడ్డీ వద్దన్నారు. ఒడ్డున ఆడపిల్లలందరూ చేపల గంపలు ఎత్తితే నన్ను గట్టు మీద కూర్చోబెట్టారు. రక్తం లేని గుంట అని పిలిస్తే నేను పలికాను. నువ్వు అక్కడే ఉన్నావు, విన్నావు. ఎవరైనా ఏడిపిస్తే కొట్టడానికి వెళ్లేవాడివి. అప్పుడు నాకెంత గర్వమో. పులుసులో పెద్ద ముక్క అన్నయ్యకే వెయ్యమ్మా, నా కోసం జుట్టు ఇచ్చేశాడు అనేదాన్ని. నువ్వు తలొంచుకుని తినేవాడివి. అమ్మా నాన్నా పెద్దవాళ్లు, భయపడ్డారు. నీకు అప్పుడు పన్నెండేళ్లు, ఒప్పుకుంటాను. మరి పద్దెనిమిదేళ్లు వచ్చినప్పుడు? ఇరవై వచ్చినప్పుడు? నన్ను ఓడ ఎక్కించడానికి విశాఖ వచ్చి, "బరువులెత్తకు చెల్లీ" అన్నావే, అప్పుడైనా?

మేడమ్ ఆ పాఠంలోనే ఇంకో సంగతి చెప్పారు. ఆ లెక్కన నీ ఒంట్లో ఇప్పుడు తిరిగే రక్తం నా మూలుగ నుంచి పుట్టినదే. దాన్ని పరీక్ష చేస్తే ఆడపిల్లది అని తేలుతుందట. మన ఊళ్లో ఆడవాళ్లను బోటు ఎక్కనివ్వరు కదా. ఇన్నేళ్లుగా నువ్వు రోజూ నన్ను ఎక్కించుకునే వేటకు పోతున్నావు. ఇది తలుచుకుని నిన్న కాసేపు నవ్వాను. తర్వాత ఏడుపొచ్చింది.

మూడు పనులు చెయ్యి. అమ్మ ట్రంకు పెట్టెలో చీరల అడుగున ఆసుపత్రి ఫైలు ఉంటుందట, అత్త చెప్పింది. అందులో దాత అన్నచోట ఎవరి పేరుందో ఫోటో తీసి పంపు. రెండోది, నీతో పెళ్లి ఖాయమైన ఆ అమ్మాయికి పెళ్లికి ముందే నీ నోటితో చెప్పు. నేను చెప్పను, ఎవరికీ చెప్పను. కానీ నువ్వు చెప్పేదాకా ఆవిడను వదినా అని పిలవలేను. మూడోది, ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఒక్క వాక్యం కూడా దాటవేయకు. దాటవేస్తే నాకు తెలుస్తుంది, అమ్మ ఫోనులో మామూలుగా మాట్లాడుతుంది కాబట్టి.

నాన్నకు, పెదనాన్నకు, ఎదురింటి మామ్మకు నా దండాలు చెప్పు. అమ్మ కాళ్లకు నా బదులు నువ్వు మొక్కు. కోపంగా ఉన్నా దీవెన అడగకుండా ఉత్తరం ముగించడం నాకు చేతకాలేదు. నీ ఒళ్లు జాగ్రత్త. వేటకు పోయేటప్పుడు తిని పో. వచ్చేవాళ్లుంటే ఎండు నెత్తళ్ల చేపలు పంపు.

రేపు మా కాలేజీలో రక్తదానం ఉంది. పోయిన నెలలో నాకు పద్దెనిమిది నిండాయి. పరీక్ష చేశారు, రక్తం బాగుందన్నారు. ఫారంలో ఒక ప్రశ్న ఉంది, చిన్నతనంలో రక్తానికి సంబంధించిన జబ్బు ఏమైనా చేసిందా అని. వారం క్రితం అక్కడ అవును అని పెన్సిలుతో రాసి పెట్టుకున్నాను. రేపు పొద్దున అత్త ఇడ్లీ పెడుతుంది, కడుపు నిండా తింటాను. మొదటి బస్సుకు వెళ్లి, ఆ మాట చెరిపేసి, లేదు అని పెన్నుతో రాసి, చెయ్యి చాపుతాను.

నీ చెల్లెలు
గౌరి