మంచు మూలిగిన చప్పుడు

క్లబ్ లాడ్జ్, ఆర్థర్స్ పాస్ దారి
జూలై, వాన

అన్నయ్యా,

ఫెయిర్లీలో నువ్వూ వదినా గొర్రెలూ పొడిగా ఉన్నారనుకుంటాను. ఇక్కడ నడి చలికాలంలో, మంచు పడాల్సిన నెలలో వాన పడుతోంది. పట్టుకుని పైకి వెళ్ళే తాడు ఆపేశారు. నా దగ్గర స్కీయింగ్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు లాడ్జ్‌లో పేకాడుతూ, ఆ వానేదో నేనే కురిపిస్తున్నట్టు నా మీద అలుగుతున్నారు. ఒక క్లబ్బులో ఓ వారం, ఇంకో కొండ మీద కొన్నాళ్ళు, ఎవరు ఫోన్ చేస్తే వాళ్ళ దగ్గరికి పరుగు. ఈ చలికాలమూ అలాగే మొదలైంది.

నీకొక సంగతి చెప్పాలి. క్రిస్మస్ భోజనాల దగ్గర నన్నేదో అడిగావు, నేను పలకలేదు. "కొండలెక్కీ ఎక్కీ దీనికి కొండంత పొగరొచ్చింది" అన్నావట, వదిన చెప్పింది. పొగరు కాదన్నయ్యా, నాకు వినపడలేదు. ఎడమ చెవి నిరుడే పూర్తిగా పోయింది. కుడిది దాని వెనకే నడుస్తోంది. క్రైస్ట్‌చర్చ్‌లో డాక్టరమ్మ, పోయింది తిరిగి రాదు, చెవికి మిషన్ పెట్టుకో, కొంత మేలు అంది. పెట్టుకుని చూశాను. కొండగాలిలో అది ఈల తప్ప ఇంకేమీ వినిపించలేదు. పైగా నలుగురి కళ్ళూ దాని మీదే పడతాయి. తీసి సంచీలో పడేశాను.

ఇక్కడెవరికీ తెలియదు. గోడకి ఆనుకుని కూర్చుంటాను, పెదవులు చూస్తాను, అర్థం కానప్పుడు నవ్వుతాను. అలా సరదా మనిషినని పేరొచ్చింది. బయటికి చెబితే ఏమవుతుందో నీకు తెలుసు. నాలాంటి వాళ్ళను ఎవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యరు, ఫోన్ చెయ్యడం మానేస్తారు, అంతే. భయంగా ఉందన్నయ్యా. నాకు కొండ తప్ప ఇంకో పని రాదు. అందుకే ఈ చలికాలం గడిచేదాకా నోరు మెదపకూడదని గట్టిగా అనుకున్నాను. నువ్వూ ఎవరికీ చెప్పకు. వదినకి వద్దన్నా చెబుతావు, అది వేరే సంగతి.

నీ చెల్లెలు
రోనా

* * *

లాడ్జ్
ఆగస్టు

అన్నయ్యా,

ముందు బతికే ఉన్నానని రాస్తున్నాను, మిగతాది తర్వాత. రేడియోలో విని వదిన ఏడ్చిందటగా. ఒక పక్కటెముక విరిగింది, అంతకు మించి ఏమీ లేదని చెప్పు.

మంచు చివరికి పడింది, అదీ ఒక్కసారిగా విరుచుకుపడింది. నలుగురిని లాడ్జ్ వెనక కొండ దాటించే పని నాకు అప్పగించారు. వాళ్ళలో నైరీ అని ఒకావిడ, టిమారూలో బ్యాంకు ఉద్యోగం చేసి మానేసింది. గంజి చల్లారిందంటుంది, బూటు కరిచిందంటుంది. ఆవిడ నోరు తెరిస్తే మిగతా ముగ్గురూ ఆకాశం కేసి చూసేవాళ్ళు.

కొత్త వాలు మీదికి వెళ్ళేముందు మాకో పద్ధతి ఉంది. అందరూ ఆగి, టోపీలు తీసి, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటారు. ముందున్నవాళ్ళు వాలు అంచున గట్టిగా తొక్కుతారు. లోపల పొర బలహీనంగా ఉంటే మంచు కడుపులోంచి వచ్చినట్టు మూలుగుతుంది. మూలిగితే వెనక్కి తిరగాలి, మారు మాట లేదు. వాళ్ళకి ఈ పద్ధతి నేర్పింది నేనే. చాలాసార్లు ఆ మూలుగు కాళ్ళకీ తెలుస్తుంది, అందుకే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. ఆ రోజు తొక్కితే నా కాళ్ళకి ఏమీ తెలియలేదు.

నైరీ నా వెనకే ఉంది. మిగతావాళ్ళు ఇంకా వెనక, గాలిలో. తిరిగి చూసేసరికి ఆవిడ పెదవులు కదులుతున్నాయి.

"మూలిగింది."

"ఏం లేదండీ, పదండి."

"మూలిగిందంటుంటే! నేను రాను. కావాలంటే నువ్వు పో తల్లీ."

కర్రలు రెండూ దారికి అడ్డంగా పాతి నిలబడింది. "మళ్ళీ మొదలెట్టిందిరా బాబూ" అని వెనక ఎవరో విసుక్కున్నారట. నేను మాత్రం ముందుకే వెళ్ళాను.

నా కాళ్ళ కింద వాలు మొత్తం జారిపోయింది. మెడదాకా కూరుకుపోయాను. నలుగురూ నేను నేర్పినట్టే పారలతో తవ్వి బయటికి లాగారు. నైరీ అడ్డం నిలబడకపోతే ఆ ముగ్గురూ నా వెనకే వాలు మీద ఉండేవాళ్ళు. అది తలుచుకుంటే తిండి సయించడం లేదు.

అసలు దరిద్రం ఇంకా ఉంది, విను. రోనా వాళ్ళందర్నీ వెనక ఆపి, ప్రాణానికి తెగించి తానే వాలును పరీక్షించిందని కొండంతా చెప్పుకుంటున్నారు. లాడ్జ్ మేనేజర్ గ్రేమ్ నా భుజం తట్టి, "వచ్చే ఏడాది నుంచి మంచుచరియల శిక్షణంతా నువ్వే చూసుకోవాలి. చలికాలం పొడుగునా పని, ఏమంటావ్?" అన్నాడు. ఎవరి ఫోన్ కోసమూ ఎదురుచూడక్కర్లేని బతుకు అది. నేను నవ్వి థాంక్స్ చెప్పాను. సిగ్గుగా ఉందన్నయ్యా.

సాయంత్రం గిన్నెలు తుడుస్తుంటే నైరీ వచ్చి నా ఎదుట నిలబడింది.

"నీకు వినపడలేదు కదూ?"

"ఏమిటండీ?"

"అదే. ఇప్పుడు నీ వెనక నిలబడి మూడుసార్లు గాడిదా అన్నాను. ఒక్కసారైనా తిరిగావా?"

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

"ఏడవకు. నేను ఎవరికీ చెప్పను, అది నువ్వు చెప్పుకోవాల్సింది. కానీ ప్రతిసారీ నీ వెనక నాలాంటి గయ్యాళి ఉండదమ్మాయ్."

ఏం చెయ్యమంటావు? త్వరగా రాయి.

రోనా

* * *

లాడ్జ్
సెప్టెంబరు

అన్నయ్యా,

నీ జవాబు రాకముందే చెప్పేశాను. శనివారం భోజనాల దగ్గర క్లబ్బువాళ్ళంతా ఉన్నారు, నైరీ కూడా వచ్చింది. గ్రేమ్ నా పేరు చెప్పి గ్లాసు ఎత్తాడు. నేను లేచాను. ఆ వాలు మూలిగింది, నైరీ విన్నది, నేను వినలేదు, అసలు నాకు వినపడదు, ముందుకెళ్ళింది ధైర్యంతో కాదు, నా గుట్టు బయటపడుతుందన్న భయంతో అన్నాను. నా గొంతు ఎంత గట్టిగా వచ్చిందో నాకే తెలియదు.

ఒక్కొక్క ముఖమే చూశాను. గ్రేమ్ ప్లేటులోకి చూస్తూ ఏదో అన్నాడు.

"తలెత్తి చెప్పు గ్రేమ్. నీ పెదవులు కనపడాలి నాకు." ఆ మాట ఒక మనిషితో అనడం అదే మొదలు.

తలెత్తాడు. "నిన్నిక పైకి పంపలేను రోనా."

"తెలుసు."

ఆ తర్వాత నైరీ తన ప్లేటు పట్టుకొచ్చి నా ఎదుట కూర్చుని, మాంసం ఉడకలేదని భోజనం అయ్యేదాకా సణిగింది. ప్రతి మాటా నాకు కనపడేలా సణిగింది.

చెబితే మనసు తేలికపడుతుందంటారు. నాకు పడలేదు. నన్ను పిలిచే మిగిలిన క్లబ్బులు రెండూ ఇక రావద్దని మర్యాదగా కబురు పెట్టాయి. పొద్దున్నే కిటికీలోంచి కొండ తెల్లగా మెరుస్తుంటే చూడలేక కర్టెన్ వేశాను. చేసింది తప్పని మాత్రం ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఏడుపు వేరు, అది వేరు.

గొర్రెలు ఈనే కాలం, మనుషులు చాలడం లేదని నువ్వు వదినతో రాయించావు. వస్తున్నాను. ఎన్నాళ్ళుంటానో అడగకు, నాకే తెలియదు. గురువారం బస్సుకి ఫెయిర్లీలో దిగుతాను. నువ్వు వెనకనుంచి పేరుపెట్టి కేకెయ్యకు. ఎదురుగా నిలబడి చెయ్యి ఊపు.

నీ చెల్లెలు
రోనా