జున్నుపాలు పంచిన మరునాడు

8 సెప్టెంబరు 1979
తెల్లవారేసరికి గంగ ఈనింది. నాలుగో ఈత. పెయ్యదూడ. బర్రె, దూడ రెండూ క్షేమం — దేవునికి స్తోత్రం.
అత్త దగ్గరుండి మా ఆయన చేత పొదుగు ఖాళీ అయ్యేదాకా పిండించింది. జున్నుపాలు వీధిలో ప్రతి ఇంటికీ, పాస్టరుగారికీ. "ఒక్క ఇల్లు తప్పినా మాటొస్తాది" అంది. చెంబు పట్టుకుని తిరిగింది నేనే. బడికి ఆలస్యం.

9 సెప్టెంబరు, ఆదివారం
గంగ లేవడం లేదు.
మెడ డొక్క మీదికి తిప్పి పడి ఉంది. ఇంత ఎండలోనూ చెవులు చల్లగా... అత్త ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది, ఆ వెంటనే మోకరించి ప్రార్థన చేసింది. వేరే రోజైతే నవ్వేదాన్ని. నా పిల్లలు పెరిగింది దీని పాలతోనే. ఆయన సైకిలేసుకుని ఆళ్లగడ్డకు, పశువుల డాక్టరు కోసం.

సాయంత్రం — డాక్టరు వచ్చాడు. చెవి పట్టుకు చూశాడు. "జున్నుపాలు ఏం చేసినారు టీచరమ్మా?" చెప్పాను. "అంతా పిండేస్తిరా? వొంట్లో కాల్షియమంతా పాలతోనే పాయె. ఎముకల్లోంచి మళ్ళా నెత్తుర్లోకి వచ్చేలోపల మీరు చెంబులు నింపుతాండారు."
తన దగ్గరున్న ఒకే ఒక్క కాల్షియం సీసా మెడనరంలోకి మెల్లగా ఎక్కించాడు, గుండె వింటూ. గంగ తల ఎత్తింది. లేవలేదు. ఇంకో సీసా కావాలి, నంద్యాలలో దొరుకుతుందన్నాడు.

10 సెప్టెంబరు
బడికి సెలవు చీటీ. మొదటి బస్సుకు నంద్యాల. సీసా దొరికింది. చల్లగా ఎక్కించకూడదట — వచ్చేటప్పుడు కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. బస్సులో పక్కావిడ, "ఏందమ్మా అట్ల పట్టుకున్న్యావ్?" "మా బర్రెకు మందక్కా, వెచ్చగుండాల." ఆమె లేచి ఎండ పడే కిటికీ సీటు నాకిచ్చింది. పేరైనా అడగలేదు నేను. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.
మధ్యాహ్నం ఎక్కించారు. కాసేపటికి త్రేన్చింది, పేడ వేసింది. లేవబోయి ఒకసారి కూలబడింది. రెండోసారి నిలబడింది. అత్త డాక్టరు చేతులు పట్టుకుని ఏడ్చింది. నేనూ.

11 సెప్టెంబరు
డాక్టరు చెప్పినవి మరిచిపోకుండా — ఈనిన మూడు రోజులదాకా పొదుగు ఖాళీ చేయకూడదు, దూడ తాగాక కొంచెమే తీయాలి. రోజూ తవుడులో ఖనిజాల పొడి, ఉప్పు. "ఉత్త సొప్ప ఏస్తే యాడ సరిపోతాదమ్మా?"
పోయిన నెలంతా గంగ గోడ నాకుతుంటే కర్రతో అదిలించాను. ఒంట్లో ఏదో తక్కువై నాకుతోందని తోచలేదు. మా సంతోషమంతా దాని ఎముకల్లోంచి తీసి ఇంటింటికీ పంచాం. సిగ్గుగా ఉంది. అయినా బతికింది... స్తోత్రం, స్తోత్రం.

3 ఫిబ్రవరి 1980
పొడి కలిపిన తవుడు తొట్టి అడుగుదాకా నాకేస్తోంది. గోడ జోలికి పోవడం లేదు. మళ్ళీ చూలు కట్టింది.

14 డిసెంబరు, ఆదివారం
పొద్దున్నే గంగ ఈనింది. మళ్ళీ పెయ్యే.
అత్త లోపలినుంచి అదే చెంబు తెచ్చింది. కొట్టంలోకి రాకుండా వీధిలోకి నడిచింది. ఖాళీ చెంబు చూపించి ఇంటింటికీ చెప్పి వచ్చింది — "ఈ తూరి జున్ను ల్యాదు. మా గంగ బతకాల." ఎవరో పిసినారి ముసలిది అన్నారట. "అననీలే" అంది.
పదిహేనేళ్లుగా ఆమెతో ఒకే ఇంట్లో ఉంటున్నాను. ఇంత ప్రేమగా ఎప్పుడూ చూడలేదేమో ఆమెను.

15 డిసెంబరు
గంగ పడుకుని ఉంది. నెమరు వేస్తోంది. అత్త పక్కనే పీట వేసుకుని, చేయి దాని చెవి మీద.
"వెచ్చగుందా అత్తా?"
"ఉండాది. నువ్వు బడికి పో."
వాకిలి దాకా పోయి వెనక్కి వచ్చాను. రెండో చెవి నేను పట్టుకు చూశాను. వెచ్చగానే ఉంది... డాక్టరు చెప్పిన గడువుకు ఇంకా రెండు రోజులు.