కొండ మీంచి మా డాబా

ఆదివారం
నిర్ణయం తీసేసుకున్నాను! రేపటి నుంచి తెల్లవారుజామునే కొండ ఎక్కడమే. వానలు వెలిశాక దాని నెత్తిన ఊదారంగు పూలు పూస్తాయి. రెండు వారాలే. తర్వాత మళ్లీ ఏడాది దాకా గడ్డి. మా వంటింటి కిటికీలోంచి చూస్తే ఊదా మరకలా కనిపిస్తాయి. ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీ మా ఆవిడ ఆ మరకను చూస్తూనే గిన్నెలు తోముతోంది. "ఒక్కసారి దగ్గరికి తీసుకెళ్లండి" అని ఏటా అడుగుతుంది. ఏటా "అలాగే" అంటాను. ఈసారి అనడం లేదు, ఎక్కుతున్నాను.
కొన్నవి: బూట్లు, టోపీ, నీళ్ల సీసా, బైనాక్యులర్. బైనాక్యులర్ బ్రహ్మాండం! ఎక్కడో దూరపు మేడ మీద ఆరేసిన చొక్కాకి గుండీ ఊడిందని కూడా తెలిసిపోయింది.

సోమవారం
తుంపర. జారిపడితే? లిఫ్టులు బాగుచేసుకు బతికేవాడిని, నడుం పోతే నా గతేంటి? ఆవిడ గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "చినుకులు ఆగాయండీ" అంది. అప్పటికే దుప్పటి కప్పేసుకున్నాను.

మంగళవారం
బూట్లు తొడిగాను! గుమ్మం దాటాను! ఫోను. ఏదో ఆఫీసులో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుందట, లోపల వాచ్‌మన్. వెళ్లక తప్పలేదు. ఒట్టు, ఇది నిజం. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. పైగా "పాపం, ఎంత భయపడుతున్నాడో, త్వరగా వెళ్లండి" అంది.
ఇది గుర్తుంచుకోవాలి.

గురువారం
బూటు కరిచింది. ఇంట్లో తిరిగితేనే!

శుక్రవారం
ఆవిడ లేపింది. కళ్లు తెరవకుండానే "లిఫ్టు ఆగింది, లోపల ముసలావిడ" అన్నాను.
"ఫోను మోగలేదే?"
"వైబ్రేషన్‌లో పెట్టాను."
టూల్‌బ్యాగు పట్టుకుని వీధి చివర టీ తాగి వచ్చాను. "ముసలావిడ ఎలా ఉంది?" అని అడిగింది. "కులాసా" అన్నాను. సిగ్గేసింది. కాసేపే.

శనివారం
మళ్లీ లిఫ్టు. ఈసారి నిండు గర్భిణి. మా ఆవిడ కంగారు చూడలేక, కవలలు క్షేమంగా పుట్టారని కూడా చెప్పేశాను.

ఆదివారం
పూలకి ఇవే ఆఖరి రోజులట. ఆవిడా, పై వాటా టీచరమ్మా బయల్దేరారు, నన్నూ రమ్మన్నారు. లిఫ్టులో పెళ్లికొడుకు ఇరుక్కున్నాడు!
"అయ్యో! మరి బైనాక్యులర్ నాకివ్వండి, ఊరికే పడుంది."
ఇచ్చేశాను. సందు మలుపులో నక్కి, వాళ్లు వెళ్లాక తిరిగొచ్చాను. తాళం! చెవి ఆవిడ దగ్గరే. పోనీ, డాబా ఉంది, మడత మంచం ఉంది. టూల్‌బ్యాగు తలకింద పెట్టాను. గాలి హాయిగా ఉంది. కొండ కూడా ఎదురుగానే. పడుకుని చూసినా పూలు పూలే!

అదే రోజు, మధ్యాహ్నం
ఆవిడ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.
"పూలు ఎలా ఉన్నాయి?"
"మోకాలెత్తు! ఎటు చూసినా అవే. పని తెమిలితే వస్తారేమోనని రాతి మీద మీకు చోటు కూడా ఉంచాను."
గతుక్కుమన్నాను.
"పెళ్లికొడుకు బయటపడ్డాడా?"
"ఆఁ... ఎప్పుడో."
బైనాక్యులర్ తీసి బల్ల మీద పెట్టింది. "మంచిది కొన్నారండీ. అక్కణ్ణించి మన డాబా ఎంత బాగా కనిపిస్తోందో! తలకింద స్పానర్లు గుచ్చుకోలేదూ?"
టీచరమ్మ కూడా చూసిందట. వంతులేసుకుని చూశారట.
తిట్టలేదు. వెళ్లి గిన్నెలు తోముకుంది. కిటికీ వైపు మాత్రం చూడలేదు. నాతో చూడాలనుకున్నది టీచరమ్మతో చూసేసింది మరి.

సాయంత్రం
నిర్ణయం తీసేసుకున్నాను! పూలు ఇంకా కాసిని మిగిలే ఉన్నాయట. రేపు ఆవిడని నేనే లేపుతాను. "నిజంగా వస్తారా?" అంది. "నిజంగా" అన్నాను. ఆవిడ ఎదుటే ఫోను ఆపేశాను. బూట్లు గుమ్మం దగ్గర పెట్టాను. టోపీ వాటి మీద పెట్టాను.
ఇప్పుడే డాబా ఎక్కి మడత మంచాన్ని వాటర్ ట్యాంకు వెనక్కి జరిపి వచ్చాను. ఎందుకైనా మంచిది.