కోట ఒక్కటే చూడలేదు

మార్చి 3, ఆదివారం. సాయంత్రం 5.

కన్ను ఆపరేషన్ అయి ఇవాళ్టికి పది రోజులు. ఆరు వారాలు దగ్గర్లోనే ఉండమంది డాక్టరమ్మ. అందుకని రాజధానిలో అబ్బాయి ఇంట్లో ఉన్నాను.

ముప్పై ఆరేళ్ళు కాలవ గేటు దగ్గర పనిచేశాను. పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి నీటి మట్టం చూసి పుస్తకంలో రాయడం నా పని. తారీకు, టైము, అడుగులు, అంగుళాలు. అంతకు మించి ఒక్క ముక్క రాసినా ఇంజనీరు ఎర్ర సిరాతో కొట్టేసేవాడు. ఉద్యోగం పోయింది గాని చెయ్యి ఊరుకోదు. ఇక్కడ నీళ్ళు లేవు కనక రోజులు రాస్తున్నాను.

ఇవాళ అందరం మ్యూజియం చూశాం. నెలలో మొదటి ఆదివారం టికెట్ లేదట. కోడలు రొట్టె, ఉడికించిన గుడ్లు సర్దింది. లోపల కాఫీ తాగితే ఆస్తులు రాసివ్వాలి మామయ్యగారూ అని ఫ్లాస్కు కూడా పెట్టింది.

అబ్బాయి దగ్గరుండి అన్నీ చూపించాడు. ఏ తలుపు దగ్గర క్యూ చిన్నదో, ఏ మూల కుళాయిలో నీళ్ళు చల్లగా వస్తాయో, ఏ బొమ్మ ఎదురుగా బెంచీ ఉందో అంతా వాడికి తెలుసు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఇన్సూరెన్స్ ఆఫీసులో కూర్చునేవాడికి ఇవన్నీ ఎప్పుడు తెలిశాయో. గేటు దగ్గర వాచ్‌మన్ వాణ్ణి చూసి నవ్వి, ఇవాళ ఫ్యామిలీతో వచ్చారా సార్ అన్నాడు. వీళ్ళు అందరినీ అలాగే పలకరిస్తారు నాన్నా అన్నాడు అబ్బాయి.

నన్ను మాత్రం పలకరించలేదు.

మార్చి 4, సోమవారం. ఉదయం 6.

కన్ను బాగుంది. ఎదురు మేడ మీద ట్యాంకు కారడం ఇక్కడికి కనిపిస్తోంది.

మార్చి 10, ఆదివారం. రాత్రి 7.

నదిలో పడవ ఎక్కాం. చూడ్డానికొచ్చినవాళ్ళ లాంచీ కాదు, ఆఫీసులవాళ్ళు రేవు దాటే మామూలు ఫెర్రీ. నది అదే, గాలి అదే, టికెట్ మాత్రం సిటీ బస్సు రేటే. ఈ కిటుకు కోడలిది. ఆవిడ మందుల షాపులో కౌంటర్ మీద ఉంటుంది, బేరం కళ్ళతోనే చేస్తుంది. ఒడ్డు నుంచి ఒడ్డుకి మూడుసార్లు తిరిగాం. నాలుగోసారికి టికెట్ చింపేవాడు, మీ ఇల్లు ఇటా అటా అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మనవరాలికి తొమ్మిదేళ్ళు. అందరూ పిడుగు అంటారు. పడవ మీంచి కోట కనిపించగానే అక్కడికే పోదామని పట్టుబట్టింది. అబ్బాయీ కోడలూ ఒక్కసారే నోరు తెరిచారు. అక్కడేముంది నాలుగు గోడలు అని వాడు. దుమ్ము, తాతయ్య కంట్లో పడుతుంది అని ఆవిడ. పిడుగు ఊరుకుంటుందా. మా క్లాసులో కోట చూడనిది నేనూ, గోడ మీద బల్లీ అంది. ఆ బల్లి కూడా సెలవులకి వెళ్ళొచ్చి ఉంటుందట.

నాకూ చూడాలనే ఉంది. ఆ కోట అగడ్తకి పాతకాలపు నీటి గేటు ఒకటి ఉందట. సిటీ బస్సు వెనక బొమ్మ చూశాను. రాతిలో గాడి చెక్కి కొయ్య తలుపు దింపారు. గొలుసు ఏ పక్కనుంచి లాగేవారో బొమ్మలో తెలియలేదు.

అడగలేదు. అడగడం నాకు చేతకాదు.

ఇంటికొచ్చాక పిడుగు కొట్టు ఆట ఆడింది. జామ్ సీసా నిండా చిల్లర. ఒక్కటీ మన దేశానిది కాదు. ఎక్కడివి అంటే నాన్న ఆఫీసులో ఎవరో ఇస్తారంది. ఇన్సూరెన్స్‌లో విదేశీ చిల్లర ఎందుకిస్తారో నాకు తెలియదు. అదీ అడగలేదు.

మార్చి 12, మంగళవారం. మధ్యాహ్నం 3.

ఇంట్లో ఎవరూ లేరు. కింది అంతస్తులో కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడ వచ్చింది. నన్ను అరువు కావాలంది.

ముందు అర్థం కాలేదు. రేపు వాళ్ళ పిల్లల స్కూలుకి సెలవట. బుధవారం డెబ్బై దాటినవాళ్ళు వెంట ఉంటే ఇంటిల్లిపాదికీ టికెట్ లేదట. మా ఇంట్లో పెద్దదిక్కు ఎవరూ లేరు, ఒక్కపూట మీరు మా నాన్నగా ఉండండి బాబాయ్ గారూ, సాయంత్రానికి చెక్కుచెదరకుండా అప్పజెప్తాను అంది. పోయినసారి పై అంతస్తు ముసలమ్మగారిని తీసుకెళ్తే ఆవిడ అరగంటలోనే ఇంటికి పోదామని పేచీ పెట్టిందట, మీరైతే మాట్లాడరు కదా అంది.

కాదనాలనుకున్నాను. అనుకునేలోపే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మార్చి 13, బుధవారం. సాయంత్రం 7.

ఇవాళ అక్షరాలు కుదరడం లేదు.

బస్సు దిగితే ఎదురుగా కోట. ఎక్కడికి తీసుకెళ్తోందో నిన్న అడగని తప్పు నాదే. కౌంటర్‌లో కూర్చున్నవాడు నా కార్డు చూసి, ఈవిడ మీ అమ్మాయేనా పెద్దాయనా అన్నాడు. తల ఊపాను. డెబ్బై నాలుగో ఏట నాకు కూతురు, వెనకే ముగ్గురు మనవలు పుట్టారు. నా ఎరుకలో అది మొదటి అబద్ధం. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

నేను నీటి గేటు దగ్గరనుంచి కదలలేదు. సరే మీ గేటు మీరు చూసుకోండి, మేం పైకెళ్ళి ఫిరంగులు చూసొస్తాం అని ఆవిడ పిల్లలతో మెట్లెక్కింది.

గొలుసు ఎడమ పక్కనుంచి లాగేవారు. రాయి అరిగిన చోటు చూసి కనిపెట్టాను. సంతోషమేసింది.

అప్పుడు ఒక గొంతు వినిపించింది. పెద్ద గొంతు. గోడకి కొట్టుకుని మళ్ళీ వస్తోంది. ఒక మాట ఇంగ్లీషులో, అదే మాట మన భాషలో. జనం నవ్వుతున్నారు. పసుపు గొడుగు పైకెత్తి పట్టుకుని ఇరవై మందిని వెంటేసుకుని వస్తున్నాడొక మనిషి. ఎర్ర టోపీ. కొత్త కన్నుతో చూశాను. మా అబ్బాయి.

స్తంభం చాటుకి పోయాను. నేనెందుకు దాక్కున్నానో తెలియదు.

మా అబ్బాయికి గొంతు ఉందని నాకు తెలియదు. నా పోలికే వాడు. స్కూల్లో పేరడిగితే ఏడ్చేవాడు. పెళ్ళిచూపుల్లో వాడి తరఫున కూడా మా ఆవిడే మాట్లాడింది. ఆ మనిషి ఇక్కడ చేతులు తిప్పుతూ, కళ్ళెగరేస్తూ, ఈ అగడ్తలో మొసళ్ళుండేవి, ఇప్పుడవన్నీ టికెట్ కౌంటర్‌లో కూర్చున్నాయి అని తెల్లవాళ్ళని నవ్విస్తున్నాడు.

అది కాదు. అసలుది తర్వాత.

గేటు ముందు ఆగి కథ చెప్పాడు. పూర్వం ఇక్కడొక కావలివాడుండేవాడట. రాజుగారి ఆజ్ఞ లేనిదే తలుపు ఎత్తకూడదట. ఒకనాడు వరదొచ్చింది. నీళ్ళు నడుము లోతుకొచ్చాయి. రాజు ఊళ్ళో లేడు. కావలివాడు తలుపు ఎత్తేశాడు. ఊరు నిలిచింది, దిగువన వాడి సొంత పొలం కొట్టుకుపోయింది. రాజు తిరిగొచ్చి కొలువులో నిలబెట్టి, ఎవరి ఆజ్ఞతో ఎత్తావని అడిగాడు.

అది కోట కథ కాదు. నాది. ముప్పై ఏళ్ళ కిందట ఆర్డరు లేకుండా గేటు ఎత్తింది నేను. కొట్టుకుపోయిన పొలం నాది. విచారణలో ఆఫీసరు అదే ప్రశ్న అడిగితే నోరు పెగలక గోడకేసి చూస్తూ నిలబడ్డాను. మూడుసార్లు అడిగాడు. ఆర్నెల్లు సస్పెండ్ చేశారు.

కథలో కావలివాడు మాత్రం తలెత్తి జవాబు చెప్పాడట. ఆజ్ఞ కోసం నేను ఆగుతాను ప్రభూ, నీళ్ళు ఆగవు అన్నాడట.

జనం చప్పట్లు కొట్టారు. వాడు టోపీ తీసి తిరగేసి అందరి ముందుకీ తిప్పాడు. చిల్లర గలగలా పడింది. జామ్ సీసా గుర్తొచ్చింది.

ఇంటికొచ్చాక ఎక్కడికెళ్ళారని కోడలు అడిగింది. పార్కుకి అన్నాను. ఒక్కరోజులో రెండు. ఆరున్నరకి అబ్బాయి బ్యాగు భుజాన వేసుకుని వచ్చాడు. ఆఫీసులో ఏసీ పాడైంది, ఉడికిపోయాం అన్నాడు. ముక్కు మీద ఎండకి తోలు లేచింది.

మార్చి 14, గురువారం. ఉదయం 6.

నిద్ర లేదు.

మార్చి 15, శుక్రవారం. ఉదయం 9.

వాడు టై కట్టుకుని బయల్దేరాడు. బాల్కనీలోంచి చూశాను. సందు మలుపులో టై విప్పి జేబులో పెట్టుకున్నాడు.

కోడలికి తెలిస్తే ఏమవుతుంది. ఆవిడ చేదునైనా మింగుతుంది గాని అబద్ధం మింగదు. బాకీ దాచాడని సొంత అన్నతోనే రెండేళ్ళు మాట్లాడలేదట. ఇది చెప్తే కొడుకు సంసారం కూలుస్తాను. చెప్పకపోతే ఆవిడ పెట్టిన తిండి తింటూ ఆవిణ్ణి మోసం చేస్తాను.

మార్చి 17, ఆదివారం. సాయంత్రం 5.

చెరువు పార్కు. బాతులు. పిడుగు మళ్ళీ కోట అంది. ముగ్గురం ఒక్కసారే కాదన్నాం. నా గొంతు విని పిడుగు నోరెళ్ళబెట్టింది. తాతయ్యా, నువ్వూ వీళ్ళ పార్టీలో చేరావా అంది.

మార్చి 20, బుధవారం. సాయంత్రం 7.

ఇవాళ ఒక్కణ్ణే వెళ్ళాను. బస్సు నంబరు ముగ్గుర్ని అడిగాను. నా జన్మలో అంతమందిని అడిగింది లేదు.

ఇంటికి రారా అని చెయ్యి పట్టుకుని తీసుకొద్దామనే వెళ్ళాను. ఈసారి దాక్కోలేదు. గుంపులో కలిసి చివర నిలబడ్డాను. వాడు గేటు దగ్గరికొచ్చాడు. వరద చెప్పాడు. తలుపు ఎత్తాడు. పొలం పోయింది. రాజు అడిగాడు, ఎవరి ఆజ్ఞతో ఎత్తావు.

అక్కడ నన్ను చూశాడు.

గొడుగు మెల్లగా దిగిపోయింది. నోరు తెరిచే ఉంది, మాట రాలేదు. జనం చూస్తున్నారు. ఒకామె నవ్వబోయి మానేసింది. ఆ ముఖం నాకు తెలుసు. విచారణ గదిలో నాదీ అదే ముఖం అయ్యుంటుంది.

ఎలా వచ్చిందో, మాట నాలోంచి వచ్చింది. ఆజ్ఞ కోసం నేను ఆగుతాను. నీళ్ళు ఆగవు అన్నాను. అందరూ వెనక్కి తిరిగారు. ఆగలేక ఇంకోటి కూడా అన్నాను. నడుము లోతు కాదు, పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు.

ఆటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. అబ్బాయి దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

తర్వాత మెట్ల మీద కూర్చుని వాడి బాక్సు ఇద్దరం తిన్నాం. ఆఫీసులో వాడి సెక్షన్ మూసేసి, ఉద్యోగం తీసేసి ఐదు నెలలయిందట. మొదట్లో రోజంతా ఎక్కడ కూర్చోనిస్తే అక్కడల్లా కూర్చున్నాడట. మ్యూజియం, కోట, చెరువు పార్కు, లైబ్రరీ. అక్కడి బోర్డులే మళ్ళీ మళ్ళీ చదివీ చదివీ అన్నీ కంఠతా వచ్చేశాయి. ఒకనాడు కోటలో గైడు జ్వరంతో పడిపోతే జనం దారి తోచక వీణ్ణి అడిగారట. అలా మొదలైంది. టోపీ పెట్టుకుంటే అది నేను కాదనిపిస్తుంది నాన్నా, అందుకే నోరొస్తుంది అన్నాడు.

ఆ కథ ఎందుకురా అన్నాను. విచారణ రోజు నీకు అన్నం తెచ్చి ఆ గది గుమ్మంలో నిలబడ్డాను, నువ్వు ఏమీ అనలేదు, ఏమనుంటే బాగుండేదా అని అప్పటినుంచి వెతుకుతున్నా నాన్నా అన్నాడు.

మిగిలిన రొట్టె తుంచి సగం వాడి చేతిలో పెట్టాను.

బోర్డు మీద సోమవారం సెలవు అని ఉంది. మరి సోమవారాలు ఎక్కడుంటావన్నాను. ఎక్కడో ఒకచోట అన్నాడు. నీ కోడలికి చెప్పకు, మంచి ఉద్యోగం దొరగ్గానే నేనే చెప్తా అని చేతులు పట్టుకున్నాడు. సరే అన్నాను. ఇంటికి రారా అని అనలేదు.

మార్చి 25, సోమవారం. ఉదయం 7.

అబ్బాయి స్నానానికి వెళ్ళాడు. కోడలు రెండు బాక్సులు తెచ్చి నా ముందు పెట్టింది. మీరు కోటకెళ్ళారని మిషను ఆవిడ చెప్పింది మామయ్యగారూ అంది. ఇన్నాళ్ళుగా ఆయన ప్యాంటు జేబుల్లో చిల్లర ఏరుతున్నది నేనే కదా అంది. ఇవాళ కోట మూత, చెరువు పార్కులో నీడుంటుంది, మీరూ తోడు వెళ్ళండి అంది. నాకు తెలుసని మాత్రం ఆయనతో అనకండి, ఆయన చెప్పేదాకా ఆగుతాను అంది.

ఇద్దరూ నాకే చెప్పారు. నాకు నోరు లేదనుకుంటున్నారు.

బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఆగింది. ఈసారీ ఆర్డరు లేకుండానే గేటు ఎత్తాలి.