ఉప్పు ఎక్కువున్న వైపు

ఆక్లండ్, జూన్

ప్రియమైన మావారికి,

ఫోనులో అరిచి అరిచి నా గొంతు పోయింది, మీ చెవికి మాత్రం ఏమీ చేరలేదు. అందుకే ఉత్తరం. కళ్ళజోడు పెట్టుకుని చదవండి.

రక్తం కడిగే యంత్రం మన మంగాయా దీవిలో లేదు కాబట్టి, మూత్రపిండాలు చెడిన నేను ఏడాదిగా ఇక్కడ మేనకోడలు తెపాయెరు ఇంట్లో పక్కవాళ్ళ గోడ చూస్తూ బతుకుతున్నాను. ఇప్పుడు డాక్టరమ్మ ఇంకో దారి చెప్పింది. గొట్టంతో పొట్టలోకి తియ్యటి నీళ్ళు వదులుతారు. పేగుల చుట్టూ పల్చటి పొర ఒకటి ఉంటుంది. మీరు చేపకి ఉప్పు పట్టిస్తే అందులోని నీరంతా బయటికి ఊరుతుందే, ఇదీ అంతే. ఉప్పో చక్కెరో ఎటు ఎక్కువుంటే నీరు అటు నడుస్తుంది, ఎవరూ తోయక్కర్లేదు. ఒంట్లో ఎక్కువైన నీరు, దానితోపాటు చెడూ పొర దాటి ఆ తీపి నీళ్ళలోకి వచ్చేస్తాయి. అవి వంచేసి కొత్తవి నింపుకోవడమే. దీనికి ఆసుపత్రి వద్దు, మన ఇల్లు చాలు.

అయితే శుభ్రమైన గది ఒకటి కావాలి, మూసుకునే తలుపుతో. మీరు ముద్దుగా మంత్రి అని పిలిచే ఆ పంది గుమ్మం తొక్కకూడదు. నా పొర ఎలాంటిదో ముందు పరీక్ష చేస్తారట.

చేమ మడి మీద పొద్దున్నే లేచే మంచు కలలోకి వస్తోంది. మీరు రాలేదు, కంగారు పడకండి.

మీ తువాయినె

*

మంగాయా, జులై

ప్రియమైన తువాయినెకి,

గది లేచింది. పగడపు రాయి కాల్చి సున్నం నేనే వేశాను. కొత్త గది కదా, పాస్టరు గారు ప్రార్థన చేయకపోతే ఎలా? ఊరంతా వచ్చింది. ఆ గదిలోనే ఆకులు పరిచి వడ్డించాం. సరిగ్గా అప్పుడే నర్సమ్మ తనిఖీకి వచ్చింది. "తాతా, ఇది మామ్మ గదా, పెళ్ళిపందిరా?" అంది. వినబడనట్టు ఆమెకీ ఓ ఆకు వేశాను. మంత్రి గుమ్మం తొక్కలేదు, నీ మాట దాటలేదు. కిటికీలోంచి వచ్చాడు. మళ్ళీ సున్నం వేస్తున్నాను.

ఉప్పు ఎక్కువున్న వైపుకి నీరు నడుస్తుందన్నావు. పెళ్ళయిన నాటినుంచీ నీ వెనకాల ఎందుకు తిరుగుతున్నానో ఇప్పటికి తెలిసింది.

రెండు కప్పుల్లో టీ పోసే అలవాటు పోలేదు. రెండోది చల్లారాక నేనే తాగుతున్నాను.

నీ మతాయో

*

ఆక్లండ్, ఆగస్టు

ప్రియమైన మావారికి,

సున్నం ఆపండి. పరీక్ష పోయింది.

నా పొరకి తొందర ఎక్కువట. పొట్టలో పోసిన చక్కెరని ఆపకుండా ఒంట్లోకి వదిలేస్తోంది. రెండు వైపులా తీపి ఒకటే అయిపోయాక నీరు ఎందుకు కదులుతుంది? కూర్చున్నచోటే కూర్చుంటుంది. బతుకంతా తరగతిలో "నిదానంరా" అని పిల్లల చెవులు మెలిపెట్టాను. నా కడుపులో వాళ్ళకంటే అల్లరిది కూర్చుందని తెలియలేదు.

ఇక నేను ఇక్కడే. ఆ గది మంత్రికి ఇచ్చేయండి, పదవికి తగ్గ బంగళా. మీరు వస్తానని మాత్రం అనకండి. చెప్పులే వేసుకోని మనిషి, ఈ చలికి బూట్లేం తొడుగుతారు? మడి ఎవరు చూస్తారు? ఇక్కడ మీకు చూడ్డానికి ఇంకో గోడ కూడా లేదు, ఉన్నది ఒక్కటే, అది నేను చూస్తున్నాను.

టీ ఒక కప్పులోనే పోసుకోండి.

మీ తువాయినె

*

ఆక్లండ్, అక్టోబరు

ప్రియమైన మావారికి,

జవాబు లేదు. అలిగారా?

అలక మానండి. వేరే చక్కెర దొరికింది. మొక్కజొన్న పిండి నుంచి తీస్తారట, కణాలు బాగా లావు. నా పొర ఎంత తొందరపడినా అవి దాని సందుల్లోంచి జారలేవు. పోసినచోటే కదలకుండా కూర్చుంటాయి, నీరే వాటి దగ్గరికి వస్తుంది. పొట్టలోంచి వంచిన నీళ్ళ సంచిని తూచారు. పోసినదానికంటే బరువుంది. మళ్ళీ మళ్ళీ తూచారు, మళ్ళీ మళ్ళీ బరువే. డాక్టరమ్మ "ఇంటికెళ్ళండి మామ్మా" అంది.

వచ్చే మంగళవారం విమానంలో వస్తున్నాను. తీపి నీళ్ళ సంచుల పెట్టెలు వెనకాల పడవలో వస్తాయి. మంత్రిని కట్టేయండి. టీ రెండు కప్పుల్లో పోయండి.

మీ తువాయినె

*

మంగాయా, అక్టోబరు

ప్రియమైన మావారికి, తెపాయెరు ఇంటికి, ఆక్లండుకి,

ఇంటికొచ్చాను. తలుపు గడియ వేసి ఉంది. పక్కింటి రూటా పరుగెత్తుకొచ్చింది, వెనకే మంత్రి.

"అయ్యో టీచరుగారూ, తాత మీ దగ్గరికే బయల్దేరాడు కదా. మీకు రాయొద్దన్నాడు, రాస్తే వద్దంటారట."

నా ఉత్తరం మీరు పడవెక్కాక చేరింది. విప్పకుండా బల్లమీద ఉంది. మన దీవికి విమానం మారే రారోటోంగాలో మీరు ఎక్కింది నేను దిగిన విమానమే. అక్కడ దిగేవాళ్ళకీ ఎక్కేవాళ్ళకీ మధ్య ఒక చెక్క గోడ. దాని అవతల, విమానం హోరులో, ఎవరో ముసలాయన "గట్టిగా చెప్పమ్మా, వినబడలేదు" అంటున్నాడు. చెవిటివాళ్ళు లేని ఊరే లేదు కాబోలు అనుకుని నా సంచి తీసుకుని వచ్చేశాను. ఆ గోడలోంచి మాట ఒక్కటే దాటింది. అది కూడా నేను పట్టుకోలేదు.

గది తెల్లగా ఉంది. కిటికీకి వల కొట్టారు. పొద్దున అక్కడ కూర్చుని నీళ్ళు వంచి, నింపుకుని, మడి మీద మంచు లేవడం చూశాను. మీ కప్పులో టీ చల్లారాక నేనే తాగాను.

తెపాయెరుకి ఫోను చేశాను. మీరు రెండు దుప్పట్లు కప్పుకుని నా గోడ చూస్తున్నారట. డబ్బు సర్దుతానంది, వచ్చే విమానమే ఎక్కండి. నేను ఎదురొస్తానని ఆశపడకండి. ఇద్దరం మళ్ళీ ఒకేసారి కదిలితే మళ్ళీ ఆ చెక్క గోడే మిగులుతుంది. ఒకరు కూర్చోవాలి, ఒకరు నడవాలి.

ఉప్పు ఎక్కువ నాకేనని మీరే రాశారు. కాబట్టి నేను కదలను.

మీ తువాయినె