పేరు తీసేసిన లెక్క

పాకాల,
కార్తీక సోమవారం.

చిరంజీవి లోహితకు,

అలమేలుమంగమ్మ నిన్ను చల్లగా చూడాలని మొక్కుకుంటూ అమ్మ రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. హైదరాబాదులో నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను.

రోజూ ఫోను చేసే కూతురికి ఉత్తరమేమిటని నవ్వుకోకు. నా గొంతు కాస్త మారితే చాలు, "ఏమైందమ్మా?" అంటావు. "జలుబే" అంటాను. వైశాఖం నుంచి నాకు జలుబే. కాగితం మీద గొంతు వినపడదు కదా అని, ఉపవాసం ఉండి, దీపం పెట్టి, ఈరోజు కూర్చున్నాను.

దీపావళి చీర మడతలో పెట్టి పంపిన నీ ఉత్తరం దేవుడి గూట్లో ఉంది. మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. మెట్లెక్కకపోతే బాగానే ఉంటుంది. ఈ ఏడు అలిపిరి నుంచి కొండకు నడవలేదు. మోకాలు ఒక్కటే కారణం కాదు, అదీ చెబుతాను. అక్క తింటోందా అని అడిగావు. పోయిన వారం సత్యవేడు పోయి వచ్చాను. మీ బావ గిన్నె ముందు పెడితే నాలుగు ముద్దలు తింటుంది. బిడ్డకని కుట్టిన బొంత ఇంకా మంచం మీదే ఉంది. తీయబోతే చెయ్యి పట్టుకుంది.

సర్వేవాళ్ళు అడిగితే జనం నిజం చెబుతారా అమ్మా, మా పరిశోధనంతా ఆ లెక్కల మీదే కదా అని కూడా రాశావు. వచ్చే పౌర్ణమికి సెలవు పెట్టి, నాయన ఫోటో పట్టుకుని అరుణాచలంలో వెతుకుతానని చివర రాశావు. ఆ రెంటికీ కలిపే జవాబు చెప్పాలి.

దసరా అయిన వారంలో ప్రభుత్వ సర్వేవాళ్ళు మన వీధికి వచ్చారు. ముందు ఇళ్ళన్నీ రాసుకుని, వాటిలో కొన్నింటిని ఏరుకుంటారట. మనది తగిలింది. వచ్చిన పిల్ల పేరు కోమలి, నీకంటే చిన్నది. చేతిలో ట్యాబు. నేను అమ్మకానికి దోసెపిండి రుబ్బుతున్నాను. పక్కింటి గురవమ్మ అప్పటికే వచ్చి గడపలో కూర్చుంది.

"ఇంట్లో ఫ్రిజ్జు ఉండాదా అమ్మా?" అని అడిగింది ఆ పిల్ల.

"లేదని సెప్పు భారతమ్మా, రేషన్ కార్డు పీకేస్తారు," అని గురవమ్మ గుసగుసలాడింది. ఆమె గుసగుస నీకు తెలుసు కదా, రైల్వే స్టేషను దాకా వినపడుతుంది.

"పెద్దమ్మా, దాని రొద ఈడికి వినపడతా ఉండాది," అని కోమలి నవ్వింది.

"అది గ్రైండరులేమ్మే."

"గ్రైండరు ఆపేసి శానాసేపయింది పెద్దమ్మా."

నేనూ నవ్వాను తల్లీ. చాలా రోజులకు నవ్వాను. తర్వాత ఆ పిల్ల ఇంటిపెద్ద ఎవరని అడిగింది. దానికీ గురవమ్మే అందుకుంది.

"ఆయప్ప యాడుండాడు? అరుణాచలంలో సామైపోయినాడు. గడ్డం పెంచుకోని కొండ సుట్టూ తిరగతా ఉండాడు. ఈయమ్మ ఈడ పిండి రుబ్బతా ఉండాది."

"పెద్దమ్మా, బయటోళ్ళ ముందర అడగకూడదంట. మా సారు తిడతాడు."

"పోతాలేమ్మే. ఈయింట్లో నాకు తెలీని సంగతేముండాదని!" అంటూ గురవమ్మ పైట దులుపుకుని పోయింది.

ఆరు నెలలకు పైగా ఇంట్లో లేని మనిషిని ఇంటి మనిషిగా రాయకూడదట. మీ నాయన ఇల్లు విడిచి రెండేళ్ళు దాటింది కదా, ఇంటిపెద్దగా నా పేరే వేసుకుంది. అంతటితో అయిపోతుందనుకున్నాను.

"మీ ఆయన ఉండాడా అమ్మా, వదిలేసినాడా, పోయినాడా?"

"సన్యాసం తీసుకుంటే ఏం రాస్తావమ్మా?"

"దానికి ఇందులో చోటు లేదమ్మా. ఈ మూడిట్లో ఏదో ఒకటి నొక్కాల."

"నా పేరు ఎవరెవరు చూస్తారు?"

"పేరు తీసేస్తారమ్మా. ఊరు పేరు కూడా ఉండదు. జిల్లా, ఒక నంబరు, అంతే."

నువ్వూ అదే చెప్పేదానివి కదా. నమ్మాను.

"లేడమ్మా. పోయినాడు," అన్నాను.

ఆ మాట నోటితో అనడం అదే మొదలు. ఆ పిల్ల నా బొట్టు చూసింది, మెడలో తాళి చూసింది. వేలు కాసేపు గాలిలోనే ఆగింది. తర్వాత నొక్కింది. "ఇంట్లో దోమతెర ఉండాదా అమ్మా?" అని మెల్లగా అడిగింది.

లోహితా, మీ నాయన వైశాఖంలోనే పోయారు. ఎండకు కొండదారిలో పడిపోతే ఎవరో పెద్దాసుపత్రిలో చేర్చారట. ప్రతి పౌర్ణమికీ ప్రదక్షిణకు పోయే మన వరదయ్యకు ఆలస్యంగా తెలిసింది. గిరిప్రదక్షిణ అని నీతో చెప్పి రైలెక్కానే, అది అందుకే. నేను చేరేసరికి, అడిగేవాళ్ళు లేరని వాళ్ళే పూడ్చేశారు. ముఖం చూడలేదు. దారం కట్టిన కళ్ళజోడు మాత్రం ఇచ్చారు. ఎవరికీ చెప్పనని వరదయ్యతో ప్రమాణం చేయించుకున్నాను. ఏడాది సూతకంతో కొండెక్కకూడదని ఈ ఏడు ఎక్కలేదు.

ఎందుకు దాచానంటే, తిరిగొచ్చిన మర్నాడు అక్క ఫోను చేసింది. రెండు కాన్పులు నిలవక ఇది నిలిచింది కదా. "సీమంతం పెట్టుకున్నామమ్మా, నీ చేత్తోనే మొదటి గాజులు తొడగాల," అంది. ఇది తెలిస్తే కడుపులో బిడ్డకు ఏమవుతుందోనని భయపడ్డాను. పసుపు రాసుకుని, బొట్టు పెట్టుకుని, ముత్తైదువుల ముందు నిలబడి నేనే గంధం పూసి గాజులు తొడిగాను. బిడ్డ పురిటి స్నానం దాకా కూడా ఉండలేదు.

మొన్న సత్యవేడులో అక్క నా చెయ్యి వదలకుండా, "నువ్వే ముందు గాజులు తొడిగినావు గదమ్మా, మరెందుకిట్లా అయింది?" అని అడిగింది. ఊపిరితిత్తులు సరిగా లేవని డాక్టరమ్మ చెప్పిన మాటే మళ్ళీ చెప్పాను. నేను దాన్ని నమ్ముతున్నానో లేదో నన్ను అడగకు. అక్క మాత్రం నమ్మాలి. నా చేతి వల్లే బిడ్డ పోయిందని దానికి ఒక్కసారి అనిపిస్తే ఆ నాలుగు ముద్దలూ మానేస్తుంది.

అందుకే ఫోటో పట్టుకుని తిరగొద్దు తల్లీ. లేని మనిషి కోసం నువ్వు సాధువుల ముఖాలు వెతుకుతూ ఉంటే ఇక్కడ నేను కూర్చోలేను. పోవాలనిపిస్తే వరదయ్యను వెంటబెట్టుకో. ఆ చోటు ఆయనకు తెలుసు. కర్పూరం వెలిగించి రా.

సర్వే సంగతికి నా జవాబు ఇదీ. ఫ్రిజ్జు గురించి నిజం చెప్పరు. కడుపున పుట్టినవాళ్ళకు చెప్పుకోలేనిది మాత్రం ఒక్కోసారి చెప్పేస్తారు. ఏడాదికో రెండేళ్ళకో ఆ లెక్క నీ కంప్యూటరులోకి వస్తుందన్నావు. మన జిల్లా, ఆడమనిషి, యాభై ఏళ్ళు, భర్త లేడు. నువ్వు గుర్తుపడతావని కాదు నా భయం. గుర్తుపట్టక, నన్ను వందలో ఇంతమంది అని కలిపేసి, కాఫీకి లేచి వెళతావేమోనని. అందుకే ముందుగా చెప్పుకుంటున్నాను.

ఈ కాగితాలు చించొద్దు, నీ దగ్గరే దాచుకో. అక్కకు చూపించకు. మీ నాయనకు నేను చేసిన కర్మ అంటూ ఏమీ లేదు, ఇదొక్కటే.

ఇట్లు,
ఇంకా బొట్టు తీయని మీ అమ్మ,
భారతమ్మ.