రాజకుమారి చెక్క విషయమై జీవానందం మాట

పోర్ట్ బ్లెయిర్, జంగ్లీఘాట్ నివాసి, రిటైర్డ్ చరిత్ర లెక్చరర్ జీవానందం అను నేను, డెబ్బై రెండేళ్ల వయసులో, షుగరు తప్ప వేరే జబ్బు లేకుండా, బుద్ధి స్థిమితంగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి చెల్లవు. నా కూతురు ఎలీనా ఏడేళ్లుగా నా గుమ్మం తొక్కలేదు. తప్పు ఆమెది కాదని కాగితం మీద ఉండాలనే ముఖ్యంగా ఇది రాస్తున్నాను.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత పక్కింటి లోకనాథానిది. ఎలీనా హిందీ మీడియంలో చదివింది, తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. అందుకని లోకనాథమే ఆమెకు చదివి వినిపించాలి. నా మీద జాలిపడి ఏ ముక్కా మింగేయకూడదు.

2. ఈ ఇల్లు సర్వహక్కులతో ఎలీనాకే చెందుతుంది. అమ్ముకోవచ్చు. ఇక్కడే ఉండాలన్న షరతు లేదు.

3. నా పుస్తకాలు కాలేజీ లైబ్రరీకి. వాటితోపాటు 'ఫెటిషిజం: అర్థం, చరిత్ర' అని నేను రాసుకున్న నోట్సు కూడా. ఆఫ్రికా తీరంలో జనం పూసల్ని, కొయ్యముక్కల్ని కొలవడం చూసి పోర్చుగీసు నావికులు పెట్టిన పేరే ఆ మాటకు మూలం. చేత్తో చేసినది, మంత్రించినది అని అర్థం. అప్పటికి ఆ నావికుల మెడల్లో సిలువలు వేలాడుతూనే ఉన్నాయి. తర్వాత ఒక ఫ్రెంచి పండితుడు దాన్ని అనాగరికుల మతం అన్నాడు. మరొకరు బజారు సరుకుల మోజుకి, వైద్యులు కోరికలకి అదే పేరు పెట్టారు. ఇదంతా క్లాసులో బాగా చెప్పేవాణ్ణి. ఇంట్లోనే నాకు అర్థం కాలేదు.

4. నా భార్య రాజకుమారి తండ్రి అప్పలరాముడు సునామీలో పోయాడు. శవం దొరకలేదు. ఆయన పడవ ముక్కు నుంచి మూరెడు చెక్క మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. రాజకుమారి నాతో చర్చికి వచ్చేది, ఇంటికొచ్చి ఆ చెక్కకు పసుపు రాసేది. చనిపోయాక తనను శవపెట్టెలో పెట్టేటప్పుడు అది పక్కన పెట్టమని అడిగేది. 2018లో మా ఇంట ప్రార్థన కూటం జరిగిన రోజు ఎవరో దాన్ని చూసి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇది ఫెటిషిజం అని అందరికీ పాఠం చెప్పి, జెట్టీకి తీసుకెళ్లి సముద్రంలో విసిరేశాను. "అది చెక్క కాదండీ, మా అయ్య. బస్, ఇంతే, మా అయ్యది ఇదొక్కటే దొరికింది" అంటూ ఆమె వెనకాలే పరుగెత్తుకొచ్చింది. సాయంత్రం దాకా పడవలవాళ్లందర్నీ "భయ్యా, కనిపించిందా" అని అడిగింది. మర్నాడు బస్సెక్కి మాయాబందర్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. నాలుగేళ్లకు అక్కడే పోయింది. ఆమె పెట్టెలో ఆ చెక్క లేదు. క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

5. ఆ రోజు ప్రార్థన కూటంలో కూర్చుని నా పాఠానికి తలూపిన గురునాథానికి ఏమీ ఇవ్వడం లేదు. నన్ను ఆపాల్సింది. రాజకుమారి వెళ్లాక కూడా రోజూ ఆమె పేరు చెప్పి రెండు చేపలు ఊరికే ఇచ్చిపోయే చేపలమ్మే గవరమ్మకు నా గొడుగు, ఫ్రిజ్జు.

6. ఎలీనా, మాయాబందర్‌లో మీ అమ్మ భూస్థాపన రోజు నువ్వు మీ ఇల్లంతా వెతికిన అమ్మ దువ్వెన నేనే దొంగిలించాను. చూడలేదని అబద్ధమాడాను. దాని పళ్లలో మూడు వెంట్రుకలున్నాయి. రోజూ దిండు కింద పెట్టుకుంటాను. అందులో ఏ శక్తీ లేదని తెలుసు. అయినా అది లేకపోతే నిద్రపట్టదు. నా పెట్టెలో వెయ్యమని రాద్దామని మూడుసార్లు కలం పట్టాను. ఆ మాట అడిగే హక్కు నాకు లేదు. లోకనాథం, దువ్వెన ఎలీనాది, ఆమె చేతికే ఇవ్వు. నా చేతులు ఖాళీగా ఉంచి పెట్టె మూయండి.

తేదీ: 2025 ఆగస్టు 11, జంగ్లీఘాట్.

(సంతకం) జీవానందం

మా ఎదుట సంతకం చేశారు:
1. మణికుమార్, ఆటో డ్రైవరు
2. మేరి, నర్సు